శిశిరం చివర పొలం చెప్పే పది మాటలు

మాది కరణ్‌కోట. తాండూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. పైన నల్లరేగడి, కింద సున్నపురాయి. ఊరి పేరు వినగానే బయటివాళ్ళకు సిమెంటు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఊరి రైతులకు గుర్తొచ్చేవి కంది, జొన్న, శనగ, కుసుమ.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడిచే కాలాన్ని చాలామంది ఖాళీ కాలం కింద జమకడతారు. వానకాలం పంట చేతికొచ్చింది, మళ్ళీ విత్తడానికి మృగశిర రావాలి, ఈ మధ్యలో పొలానికి పోయి చేసేదేముంది అంటారు. ఏడాదిలో పొలం అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేది ఈ రోజుల్లోనే అని నేను నమ్ముతాను. చలి తగ్గుతున్నప్పుడు చెట్టు మీద, నేల మీద, పశువు ఒంటి మీద కనిపించే ప్రతి గుర్తూ ఒక పనికి పిలుపు. పిలిచినప్పుడు పలికినవాళ్ళకు పంట దక్కుతుంది, మేత దక్కుతుంది, వచ్చే ఏటి విత్తనం దక్కుతుంది. పట్నం చదువులు, కొలువులు చూసి తిరిగొచ్చి మళ్ళీ భూమి పట్టిన పిల్లలు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు కొందరున్నారు. వాళ్ళ కోసం, వాళ్ళలాంటి వాళ్ళందరి కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. సాయంత్రం ముందు సాగుతుంది, తెల్లవారడం తర్వాత

సంక్రాంతి దాటితే పొద్దు పెరుగుతుందని అందరికీ తెలుసు. ఏ వైపు పెరుగుతుందో గమనించేవాళ్ళు తక్కువ. మా ప్రాంతంలో జనవరి నెలాఖరు దాకా పొద్దు పొడిచే వేళలో పెద్ద మార్పు రాదు, దాదాపు ఆరూ యాభై దగ్గరే ఆగి ఉంటుంది. సాయంత్రం మాత్రం ఆ ఒక్క నెలలోనే ఇరవై నిమిషాల వరకు సాగుతుంది. భూమి ఒరిగి తిరగడం, సూర్యుడి చుట్టూ దాని దారి నిండు గుండ్రంగా లేకపోవడం, ఈ రెండూ కలిసి చేసే పని ఇది. ఫిబ్రవరి వచ్చాకే తెల్లవారుజాము కూడా ముందుకు జరగడం మొదలవుతుంది.

దీన్ని పట్టుకుని పనులు అమర్చుకోవాలి. జనవరిలో కూలీలను చీకటితో రమ్మని తొందరపెట్టడం దండగ. చేతులు కొంకర్లు పోతాయి, పని సాగదు. దొరికిన ఆ ఇరవై నిమిషాలను సాయంత్రం మూటలు కట్టడానికి, కుప్ప కప్పడానికి వాడుకోండి. ఫిబ్రవరి రెండో వారం నుంచి పనిని పొద్దున వైపు జరపండి, ఎందుకంటే అప్పటికి మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటుంది.

చలి నిజంగా తగ్గిందో లేదో చూడటానికి మాకు ఇంట్లోనే ఒక కొలత ఉంది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళకు నేల తాండూరు నాపరాయే. తెల్లవారుజామున చెప్పులు లేకుండా బండ మీద కాలు పెట్టండి. సంక్రాంతి రోజుల్లో ఆ చల్లదనం మడమ నుంచి పైకి పాకుతుంది. బండ మీద నిలబడి నిమ్మళంగా నీళ్ళు తాగగలిగిన రోజు వచ్చిందంటే ఎండాకాలం పనులు లెక్కపెట్టుకోవచ్చు.

2. పండుగ జరుగుతుంది, కార్తె జరగదు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. మాట మంచిదే, కానీ శివరాత్రి ఏటా ఒకే తేదీన రాదు. 2024లో మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న. ఉగాది కూడా అంతే: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. చాంద్రమాన సంవత్సరం సూర్యుడి సంవత్సరం కంటే పదకొండు రోజులు తక్కువ కాబట్టి పండుగలు ఏటేటా ముందుకు జరుగుతాయి. రెండున్నర, మూడేళ్ళకొకసారి అధిక మాసం వచ్చి వాటిని మళ్ళీ వెనక్కి నెడుతుంది. మామిడి పూతకూ, శనగ కాయకూ ఈ లెక్కతో సంబంధం లేదు. అవి ఎండనూ చలినీ చూసి నడుస్తాయి.

అందుకే రైతులు కార్తెలు పట్టుకున్నారు. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. అవి ఏటా ఒకటి రెండు రోజుల తేడాతో అదే తేదీకి వస్తాయి. జనవరి 24 ప్రాంతంలో శ్రవణ, ఫిబ్రవరి 6 ప్రాంతంలో ధనిష్ఠ, 19 ప్రాంతంలో శతభిషం, మార్చి 4 ప్రాంతంలో పూర్వాభాద్ర. రోహిణి, మృగశిర మాత్రమే గుర్తుపెట్టుకుని మిగతావి మరిచిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. చలికాలం చివరి ఈ నాలుగు కార్తెలనూ గోడ మీద రాసుకోండి. పండుగను ఆనందంగా చేసుకోండి, పనిని కార్తె చూసి చేయండి.

3. కంది ఎప్పుడు కోయాలో కాయే చెబుతుంది

మా నేలకు పేరు తెచ్చింది కంది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లోతైన నల్లరేగడి, అందులోని అటాపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజం, అడుగున ఉన్న సున్నపురాయి నిల్వలు, ఇవన్నీ కలిసి మా పప్పుకు ఆ రుచినిచ్చాయని ఆ గుర్తింపులో చెప్పారు. సిమెంటుకు పనికొచ్చే రాయీ, పప్పుకు రుచినిచ్చే మట్టీ ఒకేచోట ఒకదాని మీద ఒకటి ఉన్నాయన్న మాట.

చలి చివరికొచ్చేసరికి చేనులో ఆకు పండి రాలుతుంది, కాయ రంగు మారుతుంది. వందలో డెబ్బై అయిదు, ఎనభై కాయలు గోధుమ రంగుకు తిరిగితే కోతకు పిలుపు. అన్నీ ఎండేదాకా ఆగితే కింది కాయలు పగిలి గింజ నేల పాలవుతుంది. పచ్చిగా కోస్తే గింజ ముడుచుకుపోతుంది. పొద్దున మంచు తడి మీద కోస్తే కాయ చిట్లదు. కోసిన కట్టెను కట్టలు కట్టి నిలబెట్టి నాలుగు రోజులు ఎండనిచ్చి అప్పుడు కొట్టాలి.

కోతకు ముందు ఒక్కసారి చేనంతా నడవండి. మిగతా చేను పచ్చగా ఉన్నప్పుడే వాడిపోయిన చెట్లు గుంపులుగా కనిపిస్తే అది ఎండు తెగులు. ఆ శిలీంధ్రం మొదళ్ళలో, మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. అక్కడ రాయి పాతి గుర్తు పెట్టండి. వచ్చే వానకాలం ఆ చోట కంది వేయకుండా జొన్న వేయండి. జొన్న తోడున్న చోట ఈ తెగులు తగ్గుతుందని పాతకాలం రైతులకు తెలుసు, శాస్త్రవేత్తలూ అదే చెబుతారు. కోత అయిపోయాక ఆ చోటు ఏదో ఎవరికీ గుర్తుండదు.

రాలిన ఆకును తగలబెట్టకండి. కంది ఆకు నేలకిచ్చే ఎరువు, వేరు బుడిపెలు నేలలో దాచే నత్రజని, ఈ రెండూ వచ్చే పంటకు పెట్టుబడి.

4. మాఘపు ఎండ కొనుక్కుంటే దొరకదు

కల్లం మీద కందులు పోసి, తూర్పార పట్టి, బస్తాకెత్తి మార్కెట్టుకు తోలేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఇంటికి, విత్తనానికి ఉంచుకున్నదాని సంగతి అక్కడితో తీరదు. పుచ్చుపురుగు గిడ్డంగిలో పుట్టదు. చేనులో కాయ మీదే గుడ్డు పెడుతుంది, గింజతో పాటే ఇంటికొస్తుంది. చలిలో మెల్లగా పెరిగి, ఎండలు ముదిరాక నెల తిరగకముందే ఒక తరం పూర్తి చేసుకుంటుంది. ఉగాది తర్వాత బస్తా విప్పితే పిండి రాలడానికి కారణం ఇదే.

మందు మన చేతిలోనే ఉంది. మాఘమాసపు ఎండలో తేమ తక్కువ, మొగులు తక్కువ, గాలి పొడిగా ఉంటుంది. వాకిట్లో నాపరాతి బండలుంటే వాటి మీద టార్పాలిన్ పరిచి, కందులు పలుచగా పోసి, మధ్యమధ్య కలబెడుతూ నాలుగైదు రోజులు ఎండబెట్టండి. పంటి కింద పెడితే టక్కున విరగాలి, నలగకూడదు. చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడి మీద పోస్తే లోపల చెమ్మ పడుతుంది.

ఇంటికి ఉంచుకున్న కందులను ఎండాకాలం ముదరకముందే పప్పు చేయించండి. పుచ్చుపురుగు గుడ్డు పెట్టి పెరగడానికి నిండు గింజ కావాలి, బద్దలో దానికి చోటు చాలదు. వెనకటి ఆడవాళ్ళు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, విసుర్రాయితో పప్పు విసిరి కుండల్లో పోసి పెట్టుకున్నది ఇందుకే. ఇప్పుడు విసిరే ఓపిక లేకపోతే తాండూరులో పప్పు మిల్లులకు కొదవ లేదు.

విత్తనం మాట వేరు. కల్లంలో మిగిలింది విత్తనానికి ఉంచే అలవాటు మానండి. చేను నిలబడి ఉన్నప్పుడే నిండుగా కాసిన, తెగులు లేని చెట్లు ఏరి, వాటిని వేరుగా కోసి, వేరుగా కొట్టండి. మా పొరుగున జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంక్రాంతి నుంచి పాత పంటల జాతర జరిపి ఎడ్లబండ్ల మీద విత్తనాలను ఊరూరా ఊరేగించారు. విత్తనానికి ఆ మర్యాద ప్రతి ఇంట్లోనూ దక్కాలి.

5. జొన్నకంకి పాలుపోసుకుంటే పిట్ట వస్తుంది, కోత అయ్యాక నాము వస్తుంది

మాఘి జొన్న వానతో పండే పంట కాదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తితే రేగడిలో దాగిన తేమతో, చలికాలపు మంచుతో పండుతుంది. జనవరిలో కంకి పాలుపోసుకుంటుంది. లేత కంకిని నిప్పుల మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊది తినే ఊచబియ్యం రుచి తెలియకుండా పెరిగే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. పిల్లలను ఈ రోజుల్లో ఒక్కసారైనా చేనుకు తీసుకుపోండి.

అదే సమయానికి పిట్టలూ దిగుతాయి. గులాబీ ఒళ్ళు, నల్ల తల ఉన్న గోరింకలు మబ్బుల్లా వచ్చి కంకుల మీద వాలతాయి. అవి మధ్య ఆసియా, తూర్పు యూరప్ దేశాల నుంచి చలికాలం గడపడానికి మన దగ్గరికి వచ్చి, ఎండలు ముదిరే వేళకు తిరిగిపోతాయి. ఇవే పిట్టలు మిడతలనూ పురుగులనూ దండిగా తింటాయి కాబట్టి వాటిని చంపే ఆలోచన వద్దు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మంచె మీద మనిషి ఉంటే చాలు. ఊళ్ళో చేలన్నీ ఒక్కసారి విత్తితే కంకులన్నీ ఒక్కసారి పాలుపోసుకుంటాయి, పిట్టల తాకిడి అందరి చేలకూ పంచినట్టవుతుంది. ఒంటరిగా ముందు వేసినవాళ్ళ మీదా, వెనక వేసినవాళ్ళ మీదా భారమంతా పడుతుంది. విత్తే ముందే చుట్టుపక్కల వాళ్ళతో మాట్లాడుకోండి.

కోత తర్వాత అసలు జాగ్రత్త ఉంది. ఫిబ్రవరి, మార్చిలో కోసిన మోడు నుంచి పిలక లేస్తుంది. నీళ్ళు చాలక వాడిన ఆ లేత పిలకలో విషం ఎక్కువ. మన పెద్దలు దాన్ని నాము అన్నారు. శాస్త్రం ప్రకారం అది సయనైడు. మేసిన కొద్దిసేపటికే పశువు నురగలు కక్కి, ఊపిరాడక పడిపోతుంది. కోసిన చేనులోకి పశువులను వదిలే ముందు మీరే దిగి చూడండి. పచ్చని పిలక కనబడితే తోలకండి. మేసినట్టు అనుమానం వచ్చినా క్షణం ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవండి. ఎండిన చొప్పకు ఈ భయం లేదు. అది ఏడాది మేత, వాన తగలకుండా వామి వేసుకోండి.

6. నెర్రె లోతు చూసి నీటి లెక్క వేయండి

చలి తగ్గేకొద్దీ నల్లరేగడి నోరు తెరుస్తుంది. ముందు వెంట్రుకంత గీత, తర్వాత వేలు పట్టేంత, మార్చికి చెయ్యి పట్టేంత. ఈ నెర్రెల దారిలోనే లోపలి తేమ ఆవిరైపోతుంది. పొలంలో ఏ మూల నెర్రె ముందు వచ్చిందో చూడండి. అక్కడ మట్టి లోతు తక్కువైనా అయ్యుంటుంది, పశువుల ఎరువు అందకపోయినా అయ్యుంటుంది. వచ్చే ఎండాకాలంలో చెరువు మట్టి, పెంట ఎరువు మొదట తోలాల్సింది ఆ మూలకే.

శనగ, కుసుమ ఇంకా నిలబడి ఉన్న చేలలో నెర్రె మొదలైన రోజే సాళ్ళ మధ్య తేలికగా గుంటక తోలితే పైమట్టి వదులై గీతలు పూడుతాయి, అడుగు తేమ నిలుస్తుంది. మొక్క వేరు తెగేదాకా నెర్రె పెరిగాక తోలినా లాభం లేదు. పంట తీశాక ఒక వాన పడితే ఆ పదునులో వాలుకు అడ్డంగా దున్ని పెట్టండి. జూన్‌లో మొదటి వాన చుక్క బయటికి పోదు.

నేలతో పాటు బావిని కూడా చూడాలి. శివరాత్రి వారంలో తాడుకు రాయి కట్టి బావిలో నీటి మట్టం కొలిచి గోడ మీద గీత పెట్టండి. బోరున్నవాళ్ళు మోటారు ఎంతసేపటికి ఆగుతుందో రాసుకోండి. ఆ లెక్క చూశాకే ఎండాకాలం కూరగాయలు ఎన్ని గుంటలు వేయాలో తేల్చుకోవాలి. మన నీళ్ళ సంగతి అనంతగిరి కొండల్లో మొదలవుతుంది. ఆ గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పుకు హైదరాబాద్ వైపు పోతుంది, కాగ్నా పడమటికి తాండూరు మీదుగా పోయి భీమాలో కలుస్తుంది. రెండూ చివరికి కృష్ణలోకే చేరతాయి. గుట్ట మీద చెట్టు పలచబడితే రెండు దిక్కులా నష్టమే. కాగ్నాలో ఇసుక మేట ఉంటేనే ఒడ్డు బావుల్లో ఊట ఉంటుందన్నది నదీ తీరపు ప్రతి రైతుకూ అనుభవమే.

7. మామిడి పూతలో ఉంటే చేతులు కట్టుకోండి

డిసెంబరు చివర మొదలైన మామిడి పూత ఫిబ్రవరి దాకా సాగుతుంది. ఒక్కో గుత్తిలో వందల నుంచి వేల పూలుంటాయి, చివరికి నిలిచేవి రెండో మూడో కాయలు. పూత రాలడం చూసి గాబరా పడకండి, చెట్టు తాను మోయగలిగినన్ని ఉంచుకుంటుంది.

మంచు కురిసి, పగలు మబ్బు పట్టి ఉంటే రెండు శత్రువులు వస్తాయి. ఒకటి తేనెమంచు పురుగు, రెండోది బూడిద తెగులు. చెట్టు కింద నిలబడితే ముఖానికి జిగురు చినుకులు తగిలినా, ఆకు మీద నల్లమసి కనిపించినా పురుగు వచ్చినట్టే. మందు కొట్టాల్సింది మొగ్గ దశలో, లేదా పిందె కట్టాక. పూలు విచ్చిన రోజుల్లో కొడితే ఈగలూ తేనెటీగలూ చస్తాయి. మామిడికి పరాగసంపర్కం చేసేవి అవే. పురుగును చంపబోయి కాయను పోగొట్టుకున్నట్టవుతుంది.

నీళ్ళ విషయంలోనూ ఓపిక కావాలి. పూత సమయంలో నీళ్ళు కడితే చెట్టు ఆకు చిగురు వేయడానికి పోతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడులు మొదలుపెట్టండి. రైతుకు పని చేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ రోజు పని చేయకూడదో తెలుసుకోవడానికే అనుభవం కావాలి.

8. ఆకు రాల్చిన చెట్టు చావలేదు

ఫిబ్రవరిలో అనంతగిరి అడవి చూడండి. ముందు బూరుగ ఒంటిమీద ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది, దాని వెనకే మోదుగ. మాది ఆకురాల్చే అడవి. వర్షం లేని నెలల్లో నీటిని పొదుపు చేసుకోవడానికి చెట్టు ఆకును వదులుకుంటుంది, ఆకు అడ్డం లేని పూలు పిట్టలకు దూరం నుంచే కనబడతాయి. గోరింకల్లాంటి పిట్టలు ఆ తేనె కోసం చేరి పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. మోదుగ పూలు ఉడికించి తీసిన రంగుతో హోలీ ఆడితే ఒంటికీ హాయి, బట్టకూ మచ్చ నిలవదు. మోదుగ ఆకులు మళ్ళీ వచ్చాక విస్తర్లకు కోసుకోవచ్చు.

వేప కూడా ఇదే సమయంలో ఆకు రాల్చి, రాగిరంగు చిగురు తొడిగి, ఉగాది వేళకు పూస్తుంది. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోయాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం దానికి కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. చెట్టు చచ్చిందని కొందరు గొడ్డలి తీశారు. నరకకుండా ఆగినవాళ్ళ వాకిళ్ళలో చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. మొదలు బెరడును గోరుతో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఒక ఎండాకాలం, ఒక వానకాలం గడువు ఇవ్వండి.

ఈ రోజుల్లో అడవిలో, గట్ల మీద ఎండుటాకు మోకాలి లోతు పడి ఉంటుంది. ఆర్పని బీడీ ముక్క, గట్టు మీద పెట్టిన చిన్న మంట గాలికి గుట్టంతా ఎక్కుతుంది. పిట్ట గూళ్ళు, మొలిచిన చిన్న చెట్లు, పశువుల గడ్డి అన్నీ పోతాయి. గట్టు తగలబెట్టే అలవాటు ఉన్నవాళ్ళకు ఊరి పెద్దలు ఇప్పుడే చెప్పాలి.

9. కోయిల కూసిన నెలలోనే రాళ్ళు పడతాయి

చలికాలమంతా నోరు విప్పని కోయిల ఫిబ్రవరి చివర నుంచి గొంతు విప్పుతుంది. మనసు తేలికపడే కాలం. అందుకే ఆ కాలపు ప్రమాదం గుర్తుండదు. 2023 మార్చి 16న మా జిల్లాలోని మర్పల్లిలో వడగళ్ళు నేలను తెల్లగా కప్పేశాయి. నిమిషాల్లో తోటలూ పంటలూ నేలకొరిగాయి. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది.

చలి వెళుతూ ఎండ వచ్చే ఈ సంధికాలంలో నేల దగ్గర గాలి వేడెక్కి, తేమతో పైకి లేస్తుంది. పైన ఇంకా చలిగాలి ఉంటుంది. ఆ రెండూ కలిసినప్పుడు మొగులు కొండంత ఎత్తు లేచి మంచుగడ్డలు కురుస్తుంది. పొద్దున నుంచే ఉక్కపోత, మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగిపోవడం, ఆకాశంలో తలలు తలలుగా మబ్బు లేవడం, ఇవి మూడూ కలిస్తే కల్లంలో ఉన్నది కప్పాల్సిందే. ఈ రోజుల్లో టార్పాలిన్లు అటక మీద ఉండకూడదు, కుప్ప పక్కనే తాళ్ళతో సహా ఉండాలి. కోసిన పంటను మూడు చోట్ల ఆరబెట్టే బదులు ఒకే చోట, ఎత్తుగా, నీరు పారిపోయేలా పెట్టుకోండి.

ఉరుము వినగానే చెట్టు కింద నిలబడకండి, పశువులను చెట్టుకు కట్టకండి. ఫోను ఉన్నవాళ్ళు దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగు ప్రమాదం ముందే తెలుస్తుంది. నష్టం జరిగితే ఫొటోలు తీసుకుని, మీ వ్యవసాయ విస్తరణాధికారికి వెంటనే చెప్పి నమోదు చేయించండి. దున్నేసిన తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

10. మీ పొలానికి ఒక నోటుబుక్కు పెట్టండి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కళ్ళతో చూసి, చెవులతో విని నేర్చుకున్నవి. అవి మనిషితోనే పోతాయి. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ చెట్లు నిండుగా పూసిన రోజును క్రీ.శ. 812 నుంచి డైరీల్లో, రాజాస్థానపు పుస్తకాల్లో రాసిపెట్టారు. 2021లో ఆ పూత మార్చి 26నే నిండింది. అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్ళ లెక్కలో అంత ముందు ఎప్పుడూ రాలేదు. వాతావరణం మారుతోందని ఆ నగరం తన చెట్లతోనే నిరూపించగలిగింది. మా మోదుగ ఎప్పుడు పూసేది, ఇప్పుడు ఎప్పుడు పూస్తోంది అంటే చూపించడానికి మా దగ్గర పెద్దల జ్ఞాపకం తప్ప కాగితం లేదు. మన దేశంలో 2010లో మొదలైన సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడిపిల్లలు కూడా తమ దగ్గరి చెట్టును గమనించి వివరాలు పంపుతున్నారు. కాబట్టి ఇది పెద్ద చదువులు చదివినవాళ్ళకే సాధ్యమయ్యే పని కాదు.

బడికి పోయే పిల్లతోనో పిల్లాడితోనో నోటుబుక్కు కొనిపించండి. ఒక్కో ఏడాదికి ఒక్క పేజీ చాలు. మామిడిలో మొదటి పూత, కందికి కోత వచ్చిన రోజు, జొన్న మొదటి ఊచబియ్యం, మోదుగ మొదటి పువ్వు, కోయిల మొదటి కూత, వేప కొత్త చిగురు, రేగడిలో మొదటి నెర్రె, శివరాత్రి వారంలో బావి మట్టం, వడగళ్ళు పడ్డ రోజు. తేదీ పక్కన ఆ రోజు ఏ కార్తె నడుస్తోందో రాయించండి. చెట్టు ఏదో స్పష్టంగా రాయాలి, ఏటా అదే చెట్టును చూడాలి. లేకపోతే లెక్క కలవదు.

రెండేళ్ళలో దానివల్ల ఏమీ తెలియకపోవచ్చు. అయిదారేళ్ళయ్యాక ఆ పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. పూత ఎంత ముందుకు జరిగిందో, నీళ్ళు ఎంత లోతుకు పోయాయో, ఏ రకం కంది మీ మట్టిలో ముందు పండుతుందో మీకే తెలుస్తుంది. అప్పుడు విత్తనాల దుకాణంలో ఎవరేం చెప్పినా, మీ పొలం చెప్పింది మీ చేతిలో ఉంటుంది. ఏ రకం వేయాలి, ఎప్పుడు విత్తాలి అన్న నిర్ణయం మీదవుతుంది. ఈ శ్రవణ కార్తెలోనే మొదటి పేజీ తెరవండి. ఊళ్ళో పది ఇళ్ళు రాస్తే, ఉగాది నాడు పంచాంగం విన్నాక అందరూ కూర్చుని ఆ పది నోటుబుక్కులూ కూడా చదవండి. వచ్చే వానకాలానికి ఊరు వేసుకునే లెక్క అక్కడే మొదలవ్వాలి.